పౌడర్ జలుబు

ఆపరేషన్ బల్ల మీద నాకు మొదట అరచేతులు దురద పెట్టాయి. అరికాళ్లు కూడా పెట్టే ఉంటాయి గానీ, అప్పటికే నడుములోకి మత్తుసూది వేసేశారు కాబట్టి నడుము కింద ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరుగారితో "చేతులు దురదెడతన్నాయి సార్" అన్నాను. ఆయన నా చేతుల వైపు చూడలేదు. గోడవైపున్న మానిటర్ కేసి చూశారు. చూసి అక్కడే ఆగిపోయారు.

ఆ తర్వాత పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహం మండింది. గొంతులోంచి గాలి లోపలికి పోవడం లేదు. కాళ్ల వైపు ఎత్తమని ఎవరో అన్నారు. ఇంకెవరో అడ్రినలిన్ అన్నారు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేసినదాన్ని. ఆ మందు ఎప్పుడు వాడతారో నాకు తెలుసు. పాపం ఎవరికో ప్రాణం మీదకొచ్చింది అనుకున్నాను. ఆ ఎవరో నేనేనని మాత్రం తోచలేదు.

గర్భసంచిలో గడ్డలున్నాయని, సంచి తీసేయాలని అనకాపల్లిలోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. కత్తి పెట్టకముందే ఇదంతా జరిగింది. కళ్లు తెరిచేసరికి వేరే ఆస్పత్రిలో ఉన్నాను. నా కాళ్ల దగ్గర మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన మా మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ బావా అనే పిలుస్తాను.

"గడ్డలు తీసేసేరా బావా?" అని అడిగాను.

"ఏటీ తియ్యలేదే. నువ్వు బతికితే సాలన్నారు," అని ఆయన తల దించుకుని ఏడ్చాడు. పెళ్లయినాక ఆయన ఏడవగా చూడటం అదే మొదలు. ఆ ఏడుపు చూస్తూ పడుకున్నాను. చెయ్యి చాచి ఆయన తల మీద వేయాలని కూడా అనిపించలేదు.

ఇంటికి వచ్చాక కూడా అలాగే ఉండిపోయాను. మా అత్త నన్ను నూకాలమ్మ గుడికి తీసుకెళ్లింది. తల్లి కాసింది కాబట్టి బతికానని, దండం పెట్టుకోమని చెప్పింది. పెట్టుకున్నాను. అత్త కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే, ముందు నిలబడ్డావిడ జడలోని కనకాంబరాలు చూస్తూ నిలబడ్డాను. మా అమ్మాయికి స్కూల్లో వ్యాసరచనలో ప్రైజు వచ్చింది. స్టీలు గిన్నె ఇచ్చారు. తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "బాగుంది" అన్నాను. అది కాసేపు నా మొహంలోకి చూసి, గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఏటే, అలగైపోయేవు? నొప్పేటైనా ఉందా?" అని బావ రోజూ అడిగేవాడు.

"నొప్పి నేదు బావా."

"మరేటుంది?"



గడ్డలు మాత్రం ఉన్నాయి. నెలనెలా రక్తం ఎక్కువగా పోవడం కూడా ఆగలేదు. ఆపరేషన్ ఎప్పటికైనా తప్పదని నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ చెప్పింది. కానీ ఆ రోజు నాకిచ్చిన మందుల్లో ఏది పడలేదో తేలకుండా మళ్లీ బల్ల ఎక్కించనని కచ్చితంగా అనేసింది. నడుములో వేసిన మత్తుమందు కావచ్చు, దాని వెంటనే నరంలోకి ఎక్కించిన యాంటీబయాటిక్ కావచ్చు, నొప్పి సూది కావచ్చు, చర్మానికి పూసిన మందు కూడా కావచ్చు. ఆ రోజు వాడినవన్నీ రాసిచ్చి, వైజాగ్‌లో ఎలర్జీ పరీక్షలు చేసే ఒక డాక్టరుగారి దగ్గరికి పంపింది.

ఎలర్జీ డాక్టరుగారికి యాభై దాటి ఉంటాయి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. వెళ్లగానే సూదులు గుచ్చుతారనుకున్నాను. ఆవిడ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, ఆ రోజు పొద్దున లేచిన దగ్గరినుంచీ చెప్పమన్నారు.

"పరీక్ష అంటే అందరూ సూది అనుకుంటారమ్మా. సగం పరీక్ష ఈ మాటల్లోనే ఉంది. ఏ మందు ముందు ఎక్కించారు, ఎంతసేపటికి దురద మొదలైంది, దద్దుర్లు వచ్చాయా, గొంతు పట్టేసిందా. ఇవి తెలియకుండా గుచ్చితే నాకేం అర్థం కాదు."

చెప్పాను. వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టుగా వరసగా చెప్పుకుంటూ పోయాను. ఆవిడ మధ్యమధ్యలో ఆపి, యాంటీబయాటిక్ ఎక్కించాక దురద మొదలవడానికి ఎంతసేపు పట్టిందని రెండుమూడు రకాలుగా అడిగారు. చాలా కొద్దిసేపే అని నా జ్ఞాపకం. అంతకుముందు ముంజేతి మీద టెస్ట్ డోస్ వేశారని, అక్కడ ఏమీ పొంగలేదని కూడా చెప్పాను.

"రోజూ వాడే మందులేమైనా ఉన్నాయా?"

"ఏటీ నేవండీ. ఒక్క జలుబు మాత్ర తప్ప."

"రోజూ వేసుకుంటారా?"

"రోజూ రాత్రి ఒకటండీ. పౌడర్ జలుబు మాకు."

ఆవిడ రాస్తున్న పెన్ను ఆగింది. "పౌడర్ జలుబంటే ఏమిటి?"

అది మా బ్లాకులో అందరి నోట్లో ఉండే మాట. అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో నేను కెమిస్టుని. యాంటీబయాటిక్ పొడిని ఇంజెక్షన్ సీసాల్లోకి నింపే బ్లాకు మాది. మాస్కు, గౌను, గ్లౌజులు అన్నీ ఉంటాయి. అయినా ఎక్కడో దగ్గర పొడి మన దాకా వస్తుంది. మెషిన్ విప్పి కడిగేటప్పుడు కొంత, సంచులు మార్చేటప్పుడు కొంత. కొత్తగా చేరినవాళ్లకి కొన్నాళ్లు ఏమీ ఉండదు. తర్వాత తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం మొదలవుతాయి. "పౌడర్ జలుబు అంటుకుంది, ఇక నువ్వు మా మనిషివి" అని పాతవాళ్లు నవ్వుతారు. నేను కూడా ఎందరితోనో అలా అన్నాను. జలుబు మాత్రలు అందరి బ్యాగుల్లోనూ ఉండేవి.

"ఈ జలుబు ఆదివారం కూడా ఉంటుందా?" అని డాక్టరుగారు అడిగారు.

నేను ఆలోచిస్తున్నాను. ఈలోగా బావ అందుకున్నాడు.

"ఆదారం ఉండదండి. ఆదారం సాయంత్రానికి ముక్కు బాగుంటాది దీనికి. సోమారం బస్సు దిగినాక మళ్లీ మొదలు. మొన్న మా సెల్లి పెళ్లికి సెలవెట్టింది కదండీ, అన్ని రోజులూ ఒక్క తుమ్ము తుమ్మలేదు. మళ్లీ డూటీకెళ్లిన రోజే మొదలెట్టేసింది."

నేను ఆయన వైపు తిరిగి చూశాను. పొద్దున్నే బండేసుకుని మునగపాక వైపు మా చెరకు తోటకి వెళ్లిపోయి, చీకటి పడే వేళకి వచ్చే మనిషి. నా తుమ్ములు గమనిస్తున్నాడని నాకు తెలియదు.

"మీ బ్లాకులో నింపేది ఏ మందు?"

చెప్పాను. ఆవిడ నర్సింగ్ హోమ్ కాగితం నా వైపు తిప్పి, ఆ రోజు నరంలోకి ఎక్కించిన యాంటీబయాటిక్ పేరు వేలితో చూపించారు. కంపెనీ వేరు కావచ్చు, బ్రాండు వేరు కావచ్చు. మందు మాత్రం అదే. ఆపరేషన్ ముందు ఆ కాగితం నేనూ చూశాను. నా చేతుల మీదుగా రోజూ వెళ్లే మందే కదా అని తెలిసిన మనిషి కనబడ్డట్టు అనిపించింది గానీ, భయం వేయలేదు.

"అదే అని ఇప్పుడే చెప్పలేను," అన్నారు ఆవిడ. "అనుమానం వేరు, నిర్ధారణ వేరు. గుచ్చి చూడాలి. కానీ ఆ జలుబు మాత్ర ముందు మానెయ్యాలి. పరీక్షకి వారం ముందునుంచీ ఒక్కటి కూడా వేసుకోకూడదు. ఆ మాత్ర ఒంట్లో ఉంటే చర్మం పొంగదు. మీకు టెస్ట్ డోస్ వేసినప్పుడు ఏమీ రాకపోవడానికి అదే కారణం కావచ్చు. అసలు ఆస్పత్రుల్లో తొందరలో వేసే ఆ టెస్ట్ డోస్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పోల్చి చూడటానికి పక్కన ఇంకేమీ ఉండదు కదా."

"ఇయాలే గుచ్చేసి సూడకూడదేటండీ?" అని బావ అడిగాడు.

"కూడదు. అంత పెద్ద రియాక్షన్ తర్వాత కొన్ని వారాలు ఆగాలి. లోపల ఉండాల్సిన రసాయనాలన్నీ ఆ దెబ్బకి ఖర్చయిపోయి ఉంటాయి. ఇప్పుడు గుచ్చితే, ఉన్నది కూడా లేదని చూపిస్తుంది. ఆ రోజే కొద్ది గంటల్లోపు రక్తం తీసి పంపి ఉంటే ఇంకో ఆధారం దొరికేది. ఇప్పుడు అది కుదరదు."

ఆగాము. నేను డ్యూటీకి సెలవు పెట్టే ఉన్నాను. మాత్ర మానేసినా తుమ్ములు రాలేదు. బావ వచ్చిపోయినప్పుడల్లా నా ముక్కు వైపు చూసేవాడు.

పరీక్ష రోజున ముందుగా నా కుడిచేతి నరానికి సూది పెట్టి ఉంచారు. మంచం పక్కన అడ్రినలిన్, ఆక్సిజన్ సిద్ధం చేశారు. ఎడమ ముంజేతి లోపలివైపు పెన్నుతో చిన్న చిన్న గీతలు పెట్టారు. ఒక్కో గీత పక్కన ఒక్కో చుక్క. మొదటిది ఉప్పునీళ్లు. దానికి ఏమీ రాకూడదు. రెండోది హిస్టమిన్. దానికి ఎవరికైనా పొంగాలి. అది పొంగకపోతే చర్మం మీద ఇంకా ఏదో మందు పనిచేస్తోందని లెక్క. మిగతావి ఆ రోజు నాకిచ్చిన మందులు. నర్సమ్మ ఒక్కో చుక్కలోంచి చిన్న మొనతో గుచ్చుకుంటూ వెళ్లింది. రక్తం కూడా రాలేదు.

"నొప్పెడతందా అమ్మా?" అని అడిగింది. ఆవిడది మా వైపు మాటే.

"తెలీట్లేదమ్మా," అన్నాను.

పావుగంట ఆగి డాక్టరుగారు ప్లాస్టిక్ స్కేలుతో కొలిచారు. హిస్టమిన్ చుక్క దోమ కుట్టినట్టు పొంగింది. మిగతా ఏదీ కదల్లేదు. బావ గుండెల మీద చెయ్యేసుకుని, "ఏటీ నేదన్నమాట," అన్నాడు.

"ఇంకా అవలేదండి," అన్నారు ఆవిడ. పైపైన గుచ్చితే తేలనివి కొన్ని చర్మం లోపలికి ఎక్కిస్తే తేలతాయట. అందుకని ఒక్కో మందునీ బాగా పల్చన చేసి, సన్నటి సూదితో చర్మం లోపల చిన్న బుడగలా ఎక్కించారు. బుడగ అంచు చుట్టూ పెన్నుతో గీసి, మళ్లీ ఆగమన్నారు.

మత్తుమందు బుడగ మెల్లగా అణిగిపోయింది. నొప్పి మందుది కూడా అంతే. చర్మానికి పూసే మందుకీ ఏమీ రాలేదు. యాంటీబయాటిక్ బుడగ మాత్రం అణగలేదు. గీసిన గీతని దాటి, తెల్లగా వంకరటింకరగా పెరిగింది. చుట్టూ చర్మం ఎర్రబడింది. ఎక్కించినది అన్నిట్లోకీ పల్చన చేసిన చుక్క. మా బ్లాకులో నేల తుడిచిన గుడ్డలో దానికంటే ఎక్కువ ఉంటుంది.

డాక్టరుగారు స్కేలు పెట్టి కొలిచి, ఫొటో తీసుకుని, "ఇదేనమ్మా," అన్నారు.

"ఊఁ," అన్నాను. ఆ చెయ్యి నాదే. దురద కూడా పుట్టింది. గోక్కోవాలనిపించలేదు.

"ఇది సేసే మందే దీన్ని సంపబోయిందాండీ?" అని బావ అడిగాడు. ఆయన గొంతు పెద్దదైంది.

"రోజూ కొంచెం కొంచెం పీలుస్తూ వచ్చారు. ఒంట్లో దానికి విరోధం పుట్టింది. ముక్కులోకి పొడి వెళ్లినంతకాలం తుమ్ములతో సరిపెట్టింది. ఆ రోజు నరంలోకి ఒక్కసారిగా వెళ్లేసరికి ఒళ్లంతా ఎదురుతిరిగింది. ఇలాంటి పని చేసేవాళ్లలో ఇది ఉన్నదే. నేను ఇంతకుముందు కూడా చూశాను."

అక్కడితో అయిపోలేదు. ఏది పడదో తెలిస్తే చాలదని, ఏది పడుతుందో కూడా తెలియాలని అన్నారు ఆవిడ. చర్మం మీద రానంతమాత్రాన నొప్పి మందుని నమ్మడానికి లేదట. అందుకని మరోసారి వెళ్లినప్పుడు మత్తుమందు చర్మం కింద కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఎక్కించి చూశారు. ఇంకో రోజు నొప్పి మందు మాత్ర రూపంలో ఇచ్చారు. ముందు మాత్రలో చిన్న తునక, ఆగి ఇంకొంచెం, ఆగి మిగతాది. వేరే జాతి యాంటీబయాటిక్ కూడా ఒకటి అలాగే ఇచ్చి చూశారు. నేను మంచం మీద కూర్చుని కిటికీలోంచి ఆస్పత్రి వెనక వాటర్ ట్యాంకు చూస్తూ గడిపాను. ఏమీ రాలేదు. చివర్లో అన్నీ రాసి, సంతకం పెట్టి, ఎప్పుడూ బ్యాగులో ఉంచుకోమని ఇచ్చారు.

"ఆ బ్లాకులోకి మాత్రం మళ్లీ వెళ్లకండి. పొడి పీల్చినా ప్రమాదమే," అని చెప్పారు.

బస్సులో వస్తూ బావ, "ఒగ్గెయ్ ఆ ఉద్యోగం. చెరుకు ఉంది మనకి," అన్నాడు. చెరుకు మీద ఏపాటి వస్తుందో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

కంపెనీలో కాగితం చూపిస్తే నన్ను స్టోర్స్‌కి మార్చారు. అది వేరే బిల్డింగ్, ఆ పొడి రాదు. ఎవరూ గొడవ పెట్టలేదు. జాలిగా చూసినవాళ్లు చూశారు. నేను డబ్బాలు లెక్క చూసుకుంటూ కూర్చునేదాన్ని. పొద్దునా సాయంత్రం మాత్రం అందరికీ ఒకటే బస్సు.

ఆ బస్సులో నాకొక స్నేహితురాలు ఉండేది. మా బ్లాకులోనే మెషిన్ మీద పనిచేస్తుంది. నాకంటే చిన్నది, అప్పా అని పిలుస్తుంది. నేను అనకాపల్లిలో ఎక్కి, పక్క సీటులో బ్యాగు పెట్టి ఉంచేదాన్ని. తను మునగపాకలో ఎక్కి ఆ బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఏళ్ల తరబడి అంతే. తన పెళ్లి కబురు, పిల్లాడి నడకలు, అత్తగారి మోకాళ్లు, అన్నీ నాకు ఆ సీటులోనే తెలిశాయి.

స్టోర్స్‌కి మారాక పొద్దున ప్రయాణం బాగానే ఉండేది. సాయంత్రం మాత్రం తను వచ్చి పక్కన కూర్చున్న కాసేపటికి నాకు కళ్లు దురద పెట్టి, తుమ్ములు మొదలయ్యేవి. రెండు మూడు సాయంత్రాలు చూశాక డాక్టరుగారికి ఫోన్ చేశాను. గౌను మార్చుకున్నా జుట్టుకీ బ్యాగుకీ పొడి అంటుకుని ఉండొచ్చని, దూరంగా కూర్చోమని చెప్పారు.

మర్నాడు సాయంత్రం తను రాగానే చెప్పాను.

"ఏటప్పా, నాను కంపు కొడతన్నానేటి?" అని నవ్వింది.

"కంపు కాదే. పౌడర్. నీ జుట్టుకి ఉంటాది."

తను నవ్వు ఆపేసి కొంగుతో తల తుడుచుకుంది. తుడుచుకుని, ఆ కొంగుకి కూడా అంటుకుంటుందని తోచిందో ఏమో, దాన్ని వెనక్కి విసిరేసుకుంది. వెళ్లి వెనక సీటులో కూర్చుంది. బస్సు కదిలింది. మునగపాకలో దిగేటప్పుడు నా సీటు దాటి వెళ్తూ, తగలకుండా పక్కకి ఒదిగి వెళ్లింది. నేను కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. ఆ సాయంత్రం నాకు తుమ్ములు రాలేదు.

తర్వాత ఒక ఆదివారం ఫోన్ చేశాను. "నీకూ జలుబుంది కదే. నువ్వూ ఓపాలి ఎల్లి సూపించుకో" అన్నాను.

"సూపించుకుని ఏటి సెయ్యనప్పా? నాకూ ఉందంటే నన్నూ స్టోర్స్‌లో ఎయ్యమనాలి. అక్కడ ఎంతమందికి పనిత్తారు? నాను డిగ్రీ సదివినదాన్ని కాదు."

"ఎప్పుడైనా ఆస్పత్రికి ఎల్తే..."

"సెప్తానప్పా. ఆ మందు నాకు ఎయ్యొద్దని సెప్తాను. అది సాలదా?"

చాలదు. కానీ ఏమీ చెప్పకపోవడం కంటే మేలు. మందు పేరు తనకి తెలిసిందే అయినా, ఫోన్లోనే రెండుసార్లు అనిపించాను. తను ఇప్పటికీ ఆ బ్లాకులోనే ఉంది. మాస్కులు మార్చారని, కొత్తవి బిగుతుగా ఉంటున్నాయని చెప్పింది. పరీక్షకి ఇంకా వెళ్లలేదు.

చెరకు నరికే రోజులయ్యాక నాకు ఆపరేషన్ చేశారు, ఈసారి వైజాగ్‌లో. మత్తు డాక్టరు ముందు రోజే వచ్చి, ఎలర్జీ డాక్టరుగారు రాసిచ్చింది మొత్తం చదివి, నాతో కూడా చదివించారు. పడుతుందని తేలిన మందులే తెచ్చారు. బల్ల మీద పడుకోబెట్టి యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నప్పుడు మత్తు డాక్టరు మానిటర్ చూడకుండా నా మొహమే చూస్తూ, "చేతులు ఎలా ఉన్నాయమ్మా?" అని అడుగుతూ ఉన్నారు. బాగానే ఉన్నాయన్నాను. నిజంగానే బాగున్నాయి.

గర్భసంచి తీసేశారు. మధ్యాహ్నం దాటాక వార్డుకి మార్చారు. పొత్తికడుపులో నొప్పి మొదలైంది. మా అమ్మాయి కాళ్ల మీద దుప్పటి సర్దుతోంది. బావ ఎక్కడికో వెళ్లి, చేతిలో పొట్లంతో వచ్చాడు.

"ఏటది?" అన్నాను.

"ఇడ్లీ. గుంటకి," అని అమ్మాయి వైపు చూపించాడు.

"నాకాకలేత్తంది బావా."

ఆయన పొట్లం విప్పబోయాడు. ఇటువైపు వస్తున్న నర్సు చూసి, రేపటిదాకా నోట్లో ఏమీ పెట్టకూడదని కసిరింది. ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా పొట్లం వెనక్కి దాచుకున్నాడు. అమ్మాయి నవ్వింది.

"మీరు తినండి. ఇక్కడే తినండి," అన్నాను.

"నీ ముందా? వద్దులే."

"తినండి బావా. సూత్తాను."

ఇద్దరూ మంచం పక్కన స్టూలు మీద పొట్లం విప్పుకుని తిన్నారు. బావ మొహమాటంగా, నా వైపు చూడకుండా గబగబా తినేశాడు. అమ్మాయి మాత్రం చట్నీలో ముంచుకుని నెమ్మదిగా తింది. పల్లీ చట్నీ. అల్లం ఎక్కువ వేశారు, నా మంచం దాకా వాసన వచ్చింది.